మూడెకరాల చెరువు కోసం మూడేళ్లు

పక్కింటి పెద్దాయన నా పార్సిల్ ఇవ్వడానికి వచ్చి వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. కత్తిపీట మీద చేప తల ఉంది. నేను పొలుసు తీస్తున్నాను. క్రిస్మస్ ముందు నేనుంటున్న ఇంగ్లండు ఊళ్లో పోలండ్ వాళ్ల కొట్టుకి కార్ప్ చేపలు వస్తాయి. మన బంగారు తీగే. పులుసు పెట్టుకుని ఎన్నాళ్లయిందో అనిపించి రెండు కిలోల చేప తెచ్చుకున్నాను.

ఆయన ఆ తల వంక చాలాసేపు చూసి, "ఇది ఎంత తూగింది?" అని అడిగాడు. చెప్పాను. మాట కలుపుదామని ఇంకో ముక్క కూడా చెప్పాను: మాది కైకలూరు దగ్గర పల్లె అనీ, మా నాన్న చెరువుల్లో చేపలే పెంచుతాడనీ, పట్టుబడి రోజున లారీల్లో ఐసు కొట్టి హౌరా పంపుతారనీ. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎకరానికి ఎన్ని ఉంటాయని అడిగాడు. శీలావతి, బొచ్చె, మిగతావీ కలిపి రెండు మూడు వేలు వేస్తారని చెప్పాను. ఆయన మాట్లాడకుండా లేచి వెళ్లి ఒక పాత ఆల్బమ్ పట్టుకొచ్చాడు.

నేను ఇంగ్లండులో హెర్‌ఫర్డ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. అప్పటికి వచ్చి రెండేళ్లు దాటింది. ఈ దేశంలో కార్ప్ తినరనీ, గాలంతో పట్టి, తూచి, ఫొటో తీసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేస్తారనీ ఆ రోజుదాకా నాకు తెలియదు. అలా వదిలేసిన చేపలకి పేర్లుంటాయి. ఫలానా చేపని ఫలానా ఏడు ఫలానా మనిషి పట్టాడని రాసుకుంటారు. చెరువుకి కూడా చరిత్ర రాస్తారు.

ఆల్బమ్‌లో పేపరు కత్తిరింపు ఒకటి, దాని పక్కన చేత్తో రాసిన కాగితం ఒకటి. ఆయనకి తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న లండన్ జూకి తీసుకెళ్లి, అక్వేరియంలో ఒక గాజు గోడ ముందు నిలబెట్టాడట. లోపల పెద్ద కార్ప్. పేరు క్లరిస్సా. అది పుట్టిన చోటు సంగతి తరవాత చెప్తాను. అది పెరిగిన చెరువు మాత్రం మేము కూర్చున్న వంటింటికి ముప్ఫై కిలోమీటర్లు కూడా ఉండదు. రాస్-ఆన్-వై దాటాక బెర్నితన్ కోర్ట్ అనే పాత బంగళా ఉంది. దాని భూముల్లో ఒక చిన్న నీటి గుంట. రెడ్‌మైర్ పూల్.

"మూడెకరాలు" అన్నాడాయన. నేను పొరపాటుగా విన్నాననుకున్నాను. ఇంత కథ ఉన్న చెరువు మూడెకరాలా? మా ఊళ్లో మూడెకరాల చెరువంటే చేప పిల్లని పెంచే నర్సరీకి సరిపోతుంది.

ఆ తరవాత సెలవు రోజుల్లో ఆయన దగ్గర కూర్చుని విన్నదీ, లైబ్రరీలో చదివిందీ కలిపి నాకు అర్థమైన కథ ఇది.

1934లో ఆ బంగళా వాళ్ల చెరువు నిండా నాచు పెరిగిపోయింది. దాన్ని అదుపులో పెట్టడానికి సర్రే ట్రౌట్ ఫామ్‌లో పనిచేసే డొనాల్డ్ లెనీ అనే ఆయన దగ్గర 50 కార్ప్ పిల్లలు కొని వేశారు. లెనీ వాటిని హాలండ్ హేచరీ నుంచి తెప్పించేవాడు. తూర్పు యూరప్‌లో తరతరాలుగా తిండికోసం ఏరి ఏరి పెంచిన, తొందరగా ఒళ్లు చేసే రకం అది. ఇంగ్లండు చెరువుల్లో అప్పటికే వందల ఏళ్లుగా ఉన్న కార్ప్ సన్నగా, పొడుగ్గా, చిన్నగా ఉండే జాతి. ఈ కొత్తవి వేరు. పిల్లల్ని వేసేశారు, తరవాత వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. యుద్ధం వచ్చింది, పోయింది.

అప్పట్లో ఇంగ్లండు రికార్డు 26 పౌండ్లు. 1930లో మాపర్లీ రిజర్వాయరులో ఆల్బర్ట్ బక్లీ పట్టింది. సుమారు పన్నెండు కిలోలు. పెద్ద కార్ప్‌ని గాలంతో పట్టడం అయ్యే పని కాదనీ, ఎప్పుడో అదృష్టం కొద్దీ చిక్కితే చిక్కుతుందనీ అందరూ అనుకునేవాళ్లు. 1951 అక్టోబరులో బాబ్ రిచర్డ్స్ అనే ఆయన ఈ ఊరూ పేరూ లేని చెరువులో 31 పౌండ్ల 4 ఔన్సుల చేపని పట్టాడు. దాంతో కబురు రిచర్డ్ వాకర్ చెవిన పడింది.

వాకర్ ఇంజనీరు. 1918లో పుట్టి 1985లో చనిపోయాడు. ఆయన కొందరు మిత్రులతో కలిసి కార్ప్ క్యాచర్స్ క్లబ్ పెట్టాడు. అడవుల గురించీ పక్షుల గురించీ రాసి, బొమ్మలు కూడా తనే వేసుకునే డెనిస్ వాట్కిన్స్-పిచ్‌ఫర్డ్, మారిస్ ఇంఘమ్ వాళ్లలో ఉన్నారు. చెరువు ఎక్కడుందో లోకానికి తెలియకూడదని అసలు పేరు దాచి రెడ్‌మైర్ అని పిలుచుకున్నారు. ఆ దొంగ పేరే నిలిచిపోయింది. వాకర్ అంతకుముందున్న గాలపు కర్రలు కార్ప్‌కి పనికిరావని చూసి, వెదురుని చీల్చి, ఆరు బద్దలు అంటించి, మార్క్ 4 అనే కర్ర తయారు చేసుకున్నాడు. చీకట్లో చేప ఎర ముట్టుకుంటే మోగే కరెంటు గంట కూడా చేశాడు. ఇవాళ ఇంగ్లండులో ఏ చెరువు గట్టున రాత్రి పూట నడిచినా బీప్ బీప్ మని వినిపించే యంత్రాలకి మూలం అదే.

1952 సెప్టెంబరు 13 తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, రొట్టె ముద్ద, దాని మీద రొట్టె పెచ్చు గుచ్చిన గాలానికి ఒక చేప పడింది. వల పట్టింది మిత్రుడు పీట్ థామస్. తెల్లారాక తూస్తే 44 పౌండ్లు. దాదాపు ఇరవై కిలోలు. పాత రికార్డు కన్నా ఆరు కిలోలు ఎక్కువ. వాకర్ లండన్ జూకి ఫోన్ చేశాడు. వాళ్లు బండి పంపారు. వాకర్, మిత్రులు ఆ చేపని రవియోలీ అని పిలుచుకునేవారు; జూలో క్లరిస్సా అయింది. 1971 దాకా అక్కడే బతికింది. ఆ అక్వేరియం 1924లో తెరిచింది, 2019లో మూసేశారు. పెద్దాయనకి ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధ.

ఈ కథంతా నాన్నకి ఫోన్‌లో చెప్పాను. నాన్నకి క్లరిస్సా పట్ల ఏ ఆసక్తీ కలగలేదు. పిల్లల లెక్క దగ్గర ఆగాడు.

"ఎన్నేశారన్నావ్?"

"యాభై నాన్నా."

"మూడెకరాలకి?"

"మూడెకరాలకే."

"అంటే ఎకరానికి పదిహేడు పిల్ల. మేతేం వేశారు? తవుడా?"

"ఏమీ వెయ్యలేదు. నాచు తినడానికే వేశారు."

కాసేపు మాట లేదు. "పెరక్క ఏం చేస్తయ్యమ్మా మరి! నాచులో పురుగుంటది, నత్త ఉంటది. పోటీ లేదు. తీగ అడుగు కెలుకుద్ది కదా, బురదలో ఉన్నదంతా దానిదే. పద్దెనిమిదేళ్లు వల లాగకుండా వదిలేశారా? మన దగ్గరైతే ఎవడొదులుతాడు." అన్నాడు.

ఇంగ్లండులో వాళ్లు దశాబ్దాలుగా రాసిన విశ్లేషణలు ఆ తరవాత చదివాను. మంచి జాతి, తక్కువ పిల్ల, తిండి దండిగా ఉన్న చెరువు: వాళ్లు చెప్పేదీ అదే. మా నాన్న పదో తరగతి దాటలేదు. ఒక నిమిషంలో తేల్చేశాడు.

మన దగ్గరి బంగారు తీగ సంగతి కూడా అప్పుడే వెతికాను. ఇది మన నేల చేప కాదు. 1939లో సింహళం నుంచి నీలగిరులకి ఒక రకం తెచ్చారు. 1957లో బ్యాంకాక్ నుంచి ఇంకో రకం తెచ్చి కటక్‌లో వేశారు. మా చెరువుల్లో తిరిగేది ఆ రెండోదాని సంతానం. రెడ్‌మైర్ చేపా, మా కైకలూరు చేపా ఒకే జాతి. ఒకదానికి పేరు పెట్టి జూలో ఉంచారు, ఇంకోదాన్ని గట్టు తొలిచేస్తుందని మా నాన్న తిట్టుకుంటాడు. నాకు ఆ చెరువు చూడాలనిపించింది. చూడ్డమే కాదు, దాని గట్టున గాలం వేసి కూర్చోవాలనిపించింది. చిన్నప్పుడు పంట కాలవలో పిండి ఉండ గుచ్చి బెండు వంక చూస్తూ కూర్చున్నదాన్ని, నాకు ఆ పని కొత్తేం కాదనుకున్నాను.

"నేర్చుకో. తరవాత చూద్దాం" అన్నాడు పెద్దాయన. నేర్చుకోవడానికి ఇంతుంటుందని ఊహించలేదు.

ఇంగ్లండులో పదమూడేళ్లు దాటిన ఎవరైనా గాలం వేయాలంటే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ లైసెన్సు ఉండాలి. కంప్యూటరు ముందు కూర్చుంటే పది నిమిషాల పని. రెండు కర్రలకి ఒక ధర, మూడు కర్రలకి ఇంకో ధర. ఆ లైసెన్సు ఉన్నంత మాత్రాన ఏ చెరువులోనైనా వేయొచ్చని కాదు. చెరువు యజమాని దగ్గర టిక్కెట్టు వేరే కొనాలి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా కార్ప్ లాంటి చేపలకి గాలం వేయకూడదు, గుడ్లు పెట్టే కాలం. ఒకప్పుడు చెరువులకీ అదే నియమం ఉండేది, 1995లో చాలావరకు ఎత్తేశారు. అందుకే పాత కథలన్నిటిలో జూన్ 16 పండగ రోజులా వినిపిస్తుంది. మూడు నెలలు ఆగిన మనుషులు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే గాలం నీళ్లలో వేసేవాళ్లు.

మొదటి ఏడాది హెర్‌ఫర్డ్ చుట్టుపక్కల రోజు టిక్కెట్టు చెరువులకి తీసుకెళ్లాడు. నాకు పడిన మొదటి కార్ప్ నాలుగు పౌండ్లుంటుంది. ఒడ్డుకి రాగానే మా ఊళ్లో పట్టినట్టే చెవి కింద వేళ్లు దూర్చి పైకెత్తాను. మొప్పల్లో వేళ్లు. పెద్దాయన ముఖం పాలిపోయింది. నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, తడిపిన చాప మీద పడుకోబెట్టి, గాలం తీసి, నీళ్లలో నిలబెట్టి పట్టుకున్నాడు. ఆ చేప వెళ్లడానికి చాలాసేపు పట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు ఇంటికొచ్చాక నాకే ఏడుపొచ్చింది. నేను పుట్టి పెరిగింది చేపల మధ్య. కానీ చేప ఒడ్డుకొచ్చిందంటే దాని పని అయిపోయినట్టే లెక్క మాకు. అది బతికుండాలన్న ఆలోచనతో చేపని నేనెప్పుడూ ముట్టుకోలేదు.

తరవాత చేతులకి అలవాటైంది. ముందు చాప తడపాలి. చేతులు తడపాలి, పొడి చేత్తో తాకితే చేప ఒంటి జిగురు ఊడిపోతుంది. గాలం కొనకి వెనక్కి తిరిగిన చిన్న ముల్లు ఉండకూడదు, ఉంటే నొక్కేయాలి. చేపని పట్టుకుని నిలబడకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, చాపకి జానెడు ఎత్తులోనే పట్టుకోవాలి, జారితే దెబ్బ తగలకుండా. తడిపిన సంచిలో పెట్టి కాటాకి వేలాడదీయాలి, సంచి బరువు తీసేయాలి. గాలం గుచ్చుకున్న చోట మందు రాయాలి. ఇదంతా రెండు నిమిషాల్లో అవ్వాలి. నర్సునే కాబట్టి ఆ మందు రాసే పని మాత్రం ఆయన నాకే అప్పజెప్పేవాడు.

కొట్టుకెళ్తే తల తిరిగేంత సామాను. అందులో నాకు బాగా నచ్చిన తెలివి ఒకటి, నచ్చనిది కూడా అదే. కార్ప్ ఎరని నోట్లోకి లాగి, అనుమానమొస్తే ఊదేస్తుంది. 1970ల చివర కెవిన్ మాడక్స్, లెన్ మిడిల్టన్ కలిసి దానికి విరుగుడు కనిపెట్టారు. ఎరని గాలానికి గుచ్చకుండా, గాలం కింద వెంట్రుకంత దారం వేలాడదీసి దానికి గుచ్చడం. చేప ఎరని ఊదేటప్పుడు ఖాళీ గాలం కూడా కదిలి పెదవికి పడుతుంది. పిండీ గుడ్లూ కలిపి ఉండలు చేసి ఉడికించిన బాయిలీ అనే ఎరతో ఇది కలిసేసరికి కార్ప్ పట్టడం మొత్తం మారిపోయింది. దారానికి కట్టిన సీసం బరువుకి చేప తనంతట తనే గాలం గుచ్చుకుంటుంది, మనిషి గుడారంలో పడుకుని యంత్రం మోగాక లేస్తే చాలు. పని చేస్తుంది, కాదనను. నాకు మాత్రం బెండు కావాలి. బెండు వంగుతుంటే గుండె ఆగినట్టయ్యే ఆ క్షణం కోసమే నేను కూర్చునేది. పెద్దాయనదీ అదే పక్షం.

రెండో ఏడు నైట్ డ్యూటీలు ఎక్కువ పడ్డాయి, పెద్దగా వెళ్లలేదు. ఆ శీతాకాలం కూర్చుని రెడ్‌మైర్ తరవాతి కథ చదివాను. వాకర్ తరవాత 1960ల చివర్లో జాక్ హిల్టన్ అనే ఆయన ఆధ్వర్యంలో కొద్దిమంది చందాలేసుకుని చెరువు తీసుకున్నారు. అప్పట్లో అందరి కళ్లూ ఒకదాని మీదే: 44 పౌండ్ల కన్నా పెద్దది అందులో ఉందని చూసినవాళ్లంతా చెప్పేవారు. 1980 జూన్ 16న, సీజను మొదటి రోజున, క్రిస్ యేట్స్ అనే యువకుడు వాకర్ కాలం నాటి వెదురు కర్రతోనే, మొక్కజొన్న గింజలు గుచ్చి, 51 పౌండ్ల 8 ఔన్సుల మిర్రర్ కార్ప్ పట్టాడు. ఒంటి మీద అక్కడక్కడా పెద్ద పొలుసులుండే రకం అది. బిషప్ అని దాని పేరు. వాకర్ రికార్డు ఇరవై ఎనిమిదేళ్లకి దాటింది. కానీ యేట్స్ దాన్ని తూచి, నీళ్లలో వదిలేశాడు. చేప వాళ్ల ముందు లేకపోయేసరికి రికార్డుల కమిటీ దాన్ని అధికారికంగా ఒప్పుకోలేదు.

నేను ఈ కథలో అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. 1952లో చేప జూకి వెళ్లింది. వాకర్‌ని తప్పు పట్టను, అది మరో పందొమ్మిదేళ్లు బతికింది, పక్కింటి తొమ్మిదేళ్ల పిల్లాడు చూశాడు. 1980లో ఇంకో మనిషి కాగితం మీద పేరు పోయినా సరే అని చేపని దాని చెరువుకి ఇచ్చేశాడు. ఈ రెండింటి మధ్య ఒక దేశపు అలవాటే మారింది. ఇవాళ ఇంగ్లండులో 44 పౌండ్లంటే పెద్ద బరువు కాదు, మేపి పెంచిన చెరువుల్లో అంతకన్నా పెద్ద చేపలు ఎన్నో ఉన్నాయి. అయినా జనం మాట్లాడేది ఈ మూడెకరాల గురించే.

మా కొల్లేటి కథ ఎవరైనా ఇలా రాస్తారా అని కూడా అనిపించింది. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లు కొట్టేసిన రోజులు మా వాళ్లందరికీ తారీఖులతో సహా గుర్తు. ఏ గట్టు ఎవరిది, ఎన్నేళ్లు చేశారు, అంతకుముందు ఆ నీళ్లలో ఏ చేప దొరికేది అన్నది మా తాత తరంతోనే పోతోంది. నాన్న చెప్పేవి ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేసుకుంటున్నాను.

మూడో ఏడు ఆగస్టులో పెద్దాయన తలుపు కొట్టాడు. ఆయన పాత స్నేహితులు కొందరు రెడ్‌మైర్‌కి ముందే రాయించుకున్నారు, అందులో ఒకరు రాలేకపోతున్నారు. అక్కడ ఒకేసారి కొద్దిమందినే రానిస్తారు. సెప్టెంబరు నెలాఖరులో మూడు రాత్రులు. "నా పక్కన కూర్చుంటావా?" అని అడిగాడు. వార్డులో ఇద్దరిని బతిమాలి డ్యూటీలు మార్చుకున్నాను.

వెళ్లే ముందు వారం వలలూ, చాపలూ, సంచులూ మందు నీళ్లలో ముంచి, ఎండలో పూర్తిగా ఆరబెట్టాం. ఒక చెరువు రోగం ఇంకో చెరువుకి తడి వల మీదే పోతుంది. కోయి హెర్పిస్ అనే వైరస్ సోకితే కార్ప్ గుంపులు గుంపులుగా చచ్చిపోతాయి, 2007 నుంచి అది కనిపిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాలని ఇక్కడ చట్టం. వలలు ఆరేసిన ఫొటో నాన్నకి పంపాను. "మనోళ్లు కూడా చేస్తే పేను సగం తగ్గుద్ది" అని జవాబిచ్చాడు. చెరువు చెరువుకీ తిరిగే వలలతోనే చేప పేను వస్తుందని ఆయన ఏళ్లుగా మొత్తుకుంటున్నాడు.

గేటు దాటి పచ్చిక మీదుగా దిగాక చెట్ల మధ్యన నీళ్లు కనిపించాయి. చిన్న లోయకి అడ్డంగా కట్టిన ఆనకట్ట. చుట్టూ నీళ్లలోకి వంగిన చెట్లు. గట్టున కూర్చునే ప్రతి చోటుకీ ఒక పేరు. ఇంఘమ్స్, పిచ్‌ఫర్డ్స్, విల్లో పిచ్, ఈవెనింగ్ పిచ్. పోయిన మనుషుల పేర్లతో పిలిచే చోట నిలబడితే, మా ఊళ్లో రేవులకి ఉన్న పేర్లు గుర్తొచ్చాయి. పెద్దాయన ఆనకట్ట మీద టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఆయన జీవితంలో కూడా అదే మొదటిసారని నాకు అప్పుడు తెలిసింది. ముప్ఫై కిలోమీటర్ల దూరంలో బతికి, డెబ్భై ఏళ్లు దాటాక.

మొదటి రోజు గాలమే వేయలేదు. ఇక్కడ చెట్టెక్కి చేపల్ని చూడడం వాకర్ కాలం నుంచీ ఉన్న ఆచారమట. ఆయన ఎక్కలేడు. నేనెక్కాను. పదడుగుల ఎత్తులో కొమ్మ మీద బోర్లా పడుకుని చూస్తే, ముందు ఏమీ కనిపించలేదు. కళ్లు అలవాటయ్యాక అడుగున ఒక నీడ కదిలింది. తరవాత రెండు. వరసగా, తొందర లేకుండా, గట్టు వెంట వస్తున్నాయి. ఒకటి ఆగి తల కిందికి వంచింది, నోరు ముందుకి సాగింది, బురద పొగలా లేచింది. నేను ఎన్నివేల బంగారు తీగల్ని చూసుంటాను! అన్నీ వలలోనో, కాటా మీదో, ఐసులోనో. ఒక తీగ తన పాటికి తను మేస్తుంటే పైనుంచి చూడడం అదే మొదటిసారి. కింద పెద్దాయన గుసగుసగా ఎన్ని, ఎంత, పొలుసు ఎలా ఉంది అని అడుగుతున్నాడు. చేతి వేళ్లతో చెప్పాను. ఏడు.

రెండు రాత్రులు ఏమీ పడలేదు. చలి. మధ్యలో ఒకసారి అవతలి గట్టున ఒక చేప పైకెగిరి పడింది, మళ్లీ నిశ్శబ్దం. రెండో పగలంతా సన్నటి వాన. తోటివాళ్లలో ఒకాయన యంత్రాలు పెట్టుకున్నాడు, ఆయనకీ ఏమీ లేదు.

మూడో తెల్లవారుజామున పెద్దాయన తన వెదురు కర్ర తీశాడు. వాళ్ల నాన్నది. యంత్రం లేదు, సీసం లేదు. గాలానికి రొట్టె పెచ్చు గుచ్చి, గట్టుకి మూడడుగుల దూరంలో, వంగిన కొమ్మ కింద వదిలాడు. దారం వేలి మీద ఆనించుకుని కూర్చున్నాడు. నేను వెనక వల పట్టుకుని కూర్చున్నాను. చీకటి. పెచ్చు తెల్లగా మసకగా కనబడుతోంది. దాని చుట్టూ నీళ్లు ఒకసారి ఉబికాయి, పెచ్చు ఊగింది, ఏమీ కాలేదు. ఇంకోసారి. ఆయన ఊపిరి నాకు వినిపిస్తోంది. మూడోసారి పెచ్చు కనబడకుండా పోయింది.

ఆ పోరు ఎంతసేపు సాగిందో చెప్పలేను. వెదురు కర్ర మూలుగుతుందని చదివాను, నిజంగానే చిన్నగా కిర్రుమంటుంది. రీలు వదిలింది, ఆయన చుట్టాడు, చేప చెట్టు వేళ్ల వైపు పరిగెత్తింది, ఆయన కర్రని పక్కకి వాల్చి ఆపాడు. ఆయన మోకాళ్లు వణకడం చూసి నేను గట్టు దిగి నడుం లోతు నీళ్లలో నిలబడ్డాను. వల నీళ్లలో ముంచి పట్టుకుని, కదలకుండా. వలని చేప మీదికి తీసుకెళ్లకూడదు, చేపే వల మీదికి రావాలి. ఈ ఒక్క పని నాకెవరూ నేర్పనక్కర్లేదు. తల వల అంచు దాటింది, తోక దాటింది, ఎత్తాను.

ఒంటి నిండా పొలుసు, రాగి రంగు. తడిపిన చాప మీద పడుకోబెట్టాం. ఆయన చేతులు ఆగట్లేదు, గాలం నేనే తీశాను, మందు రాశాను. సంచి బరువు పోను 14 పౌండ్ల 2 ఔన్సులు. ఆయన చేప పక్కన మోకాళ్ల మీద కూర్చుని దాని ఒంటి మీద తడి చెయ్యి వేసి ఉంచాడు. ఫొటో వద్దన్నాడు. నీళ్లలోకి నేనే తీసుకెళ్లాను.

హెర్‌ఫర్డ్ చేరాక నాన్నకి ఫోన్ చేశాను. మన దగ్గర సాయంత్రం, చెరువు గట్టు మీదే ఉన్నాడు, వెనక ఏరేటర్ల చప్పుడు.

"పడ్డదా?"

"పెద్దాయనకి పడింది. వల నేను పట్టాను. ఆరు కిలోల నాలుగొందలు."

"వదిలేశారా?"

"వదిలేశాం."

"వదలగానే అడుక్కి పోయిందా, పైన తిరిగిందా?"

"ఒక్క నిమిషం నా చేతుల్లో ఆగింది నాన్నా. తరవాత తోక కొట్టి సూటిగా అడుక్కి పోయింది."

"అయితే బతుకుద్దిలే" అన్నాడు నాన్న.